ఒంటిపూట అన్నం, మూడుపూటల మందు

ఆ ఏడు దీపావళి పొద్దున్న కొత్తపేట హైస్కూలు నుంచి కార్డు వచ్చింది. మావారు అరుగు మీద నుంచుని దాన్ని తనలో తాను రెండుసార్లు చదువుకుని, మూడోసారి నాకు వినబడేలా చదివారు. సెకండు ఫారం చదువుతున్న మా సరోజిని దసరా సెలవులయ్యాక పధ్నాలుగు రోజుల్లో తొమ్మిది రోజులు బడికి రాలేదట. ఇలాగైతే డిసెంబరు పరీక్షకి కూర్చోనివ్వరట.

"తొమ్మిది రోజులు దీనికి జ్వరమా?" అన్నారు.

జ్వరం కాదు. మబ్బు పట్టిందని రెండు రోజులు, పడవ మీద కొత్తమనిషి గెడ వేస్తున్నాడని ఒకరోజు, నా కుడికన్ను అదిరిందని ఒకరోజు ఆపేశాను. మిగతా రోజులకి ఏ కారణమూ లేదు. జడ వేసుకుని, పుస్తకాల సంచీ భుజాన తగిలించుకుని గుమ్మం దిగబోతున్న పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి లాగేశాను, అంతే.

మాది లంక. చుట్టూ గోదావరి. బడికి వెళ్ళాలంటే పాయ దాటాలి, అవతల గట్టెక్కి మైలున్నర నడవాలి. ఊళ్ళోవాళ్ళు నా భయానికి మొన్న శ్రావణంలో వచ్చిన వరదే కారణమనుకునేవారు. అది నిజం కాదు. గోదావరి మా ఇంట్లోకి నడుముల్లోతు వచ్చి, మేము ముగ్గురం మూడురోజులు అటక మీద కూచున్నప్పుడు నాకు భయం వెయ్యలేదు. బియ్యం మూట ముందే పైకి ఎక్కించింది నేను. అగ్గిపెట్టె మైనపు గుడ్డలో చుట్టింది నేను. పిల్ల దక్కితే కార్తీకం నెల్లాళ్ళూ పగలంతా పస్తుండి, చుక్క చూశాక ఒక్కపూటే తింటానని మొక్కుకున్నదీ అక్కడే. "నీకింత గుండె ధైర్యం ఉందని నాకు తెలీదే" అన్నారు మావారు అప్పుడు. నీళ్ళు తీశాయి. అందరూ గోడలు కడుక్కున్నారు, ఒండ్రు ఎత్తిపోసుకున్నారు, కడుపునిండా తిని పడుకున్నారు. అప్పుడు మొదలైంది నాకు. అంతకు ముందూ ఉంది కానీ, ఇంత లేదు. చేతులు చల్లబడిపోయేవి. గుండె రోకలిపోటులా కొట్టుకునేది. పిల్లని పడవెక్కిస్తే, అది తిరిగొచ్చేదాకా నేను రేవులోనే కూచునేదాన్ని. వంటా లేదు, వార్పూ లేదు.

పండక్కి మా ఆడపడుచు వీరాయమ్మ వదినగారు అమలాపురం నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ కార్డు అందుకుని చూసి, కళ్ళజోడు తీసి, నా ఎదురుగానే తమ్ముడితో అన్నారు:

"ఒరే శ్రీరాములూ, పిల్లని నాతో పంపెయ్యి. మా వీధి చివరే బడి. పడవా లేదు, గెడా లేదు. నా కూతుళ్ళిద్దరూ అత్తారిళ్ళకి వెళ్ళిపోయేరు, ఇల్లు బోసిగా ఉంది. ఇక్కడే ఉంచేవనుకో, ఈ పిల్ల కూడా తలుపు సందులోంచే లోకాన్ని చూస్తుంది."

"ఒద్దండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "దాన్ని తీసుకుపోతే నేను బతకనండీ."

వదినగారు చెడ్డమనిషి కాదు. "బతక్కేం, బతుకుతావు" అన్నారు మెల్లిగా. "అది బతకాలి కదా, బుజ్జమ్మా."

మావారు మీసం దువ్వుకుని తేల్చారు. "కార్తీకం వెళ్ళేదాకా చూద్దాం. నిన్ను డాక్టరుకి చూపిస్తాను. ఈ నెలలో పిల్ల ఒక్కరోజు కూడా బడి మానకూడదు. మానితే అక్క వచ్చి తీసికెళ్తుంది. తరవాత నువ్వు ఏడ్చినా నేను వినను."

*

మాణిక్యాలరావు డాక్టరుగారు చల్లటి మనిషి. నాడి చూశారు, కనురెప్ప లాగి చూశారు.

"దేనికమ్మా దడ?"

"పడవ మునిగిపోతుందేమోనండి. గట్టు మీద పాము కరుస్తుందేమోనండి. తోటలోంచి వస్తుంటే కాయ నెత్తిన పడుతుందేమోనండి. బడి గోడ మొన్న వరదకి నానింది కదండీ, అది కూలుతుందేమోనండి."

"ఇందులో ఏదైనా ఎప్పుడైనా జరిగిందా?"

"లేదండి."

"మరి?"

"జరగలేదు కాబట్టి, ఇంకా జరగాల్సే ఉంది కదండీ."

ఆయన కలం పక్కన పెట్టి మావారి వైపు చూశారు. మావారు కిటికీ వైపు చూశారు.

కాంపౌండరు సీసాలో మందు పోసి, కాగితం ముక్కని గాట్లు గాట్లుగా కత్తిరించి సీసాకి అంటించాడు. ఒక్కొక్క గాటూ ఒక్కొక్క మోతాదు. గుర్తు అనేవాళ్ళం దాన్ని. "మూడుపూటలా అన్నం తిన్న తరవాత ఒక్కొక్క గుర్తు పుచ్చుకోవాలి" అన్నారు డాక్టరుగారు. "మొదటి రెండు వారాలూ ఈ మందు మీకు నచ్చదమ్మా. తల దిమ్ముగా ఉంటుంది. కాళ్ళు తేలిపోతాయి. నాలిక మందంగా ఉంటుంది. మొహం మీద పొక్కులు కూడా రావచ్చు. దడ తగ్గలేదని మానెయ్యకండి. తగ్గిందనీ మానెయ్యకండి. ఓపిక పట్టాలి."

ఆయన అన్నం మాట అన్నప్పుడు నాకు ఒక సంగతి చెప్పాలనిపించింది. చుక్క చూసి తినే ఆ నక్తం మొదలుపెట్టి అప్పటికి రెండో రోజు. పొద్దుట్నుంచి నా నోట్లో తులసి తీర్థం తప్ప ఏమీ పడలేదు. కానీ వ్రతం సంగతి డాక్టర్లకి చెప్తే ముందు దాన్ని మానెయ్యమంటారు. మానేస్తే మొక్కు చెడుతుంది. మొక్కు చెడితే, ఎవరి కోసం మొక్కానో వాళ్ళకే కదా! నోరు మూసుకుని సీసా కొంగులో చుట్టుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు పడవలో ఆలోచించి దారి కనిపెట్టాను. రోజుకి మూడు గుర్తులన్నారు. అన్నం తిన్న తరవాత అన్నారు. నేను తినేది ఒక్కసారి. కాబట్టి ఆ ఒక్కసారి తిన్న తరవాత మూడూ పుచ్చుకుంటే డాక్టరుగారి మాటా దక్కుతుంది, దేవుడి మొక్కూ దక్కుతుంది. నేను అయిదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

*

రోజూ సందె వేళ పెరట్లో నేనూ సరోజినీ ఆకాశం వైపు చూస్తూ నుంచునేవాళ్ళం. దాని కళ్ళు చురుకు. "అదుగో అమ్మా, కొబ్బరి మొవ్వు పక్కన!" అనేది. నేను దణ్ణం పెట్టుకుని, అన్నం తిని, మూడు గుర్తుల మందూ గ్లాసులోకి ఒంపుకుని గడగడా తాగేసేదాన్ని. అంతర్వేది సముద్రపు నీళ్ళలా ఉప్పగా ఉండేది. కంచం కడిగేలోపల మోకాళ్ళు వదులయ్యేవి. ఆ తరవాత ఏం జరిగేదో నాకు తెలీదు. తెల్లారి మావారు భుజం పట్టి కుదిపితే లేచేదాన్ని.

దడ తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ మొదటివారం నరకం అక్కడే ఉంది. ఇదివరకు దడ వస్తే రేవుకి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు పరిగెత్తడానికి కాళ్ళు లేవు. తడిసిన పరుపులో నన్ను చుట్టి పడేసినట్టు, లోపల గుండె మాత్రం తన పాటికి తను కొట్టుకునేది. అన్నం వార్చబోయి గంజి కాలి మీద పోసుకున్నాను. ఉప్పు రెండుసార్లు వేశాను. మాట నాలిక మీద దొర్లి పడిపోయేది. చుబుకం మీదా నుదుటి మీదా ఎర్రగా పొక్కులు లేచాయి. బొట్టు పెట్టుకోవాలంటే అద్దంలోకి చూడబుద్ధయ్యేది కాదు.

అయినా పిల్లని రోజూ పడవెక్కించాను. కొబ్బరి చెట్లు పట్టుకుంటూ రేవుకి నడిచేదాన్ని. పడవ నడిపే నూకరాజు ఒకరోజు నా నడక చూసి నవ్వాడు.

"ఏంటండి బుజ్జమ్మగారండి, అడుగులు తేడాగా పడతన్నాయి? మా చిట్టిబాబుగాడు కల్లుపాక నించి వచ్చేటప్పుడు ఇలాగే వత్తాడండి."

పడవలో వాళ్ళందరూ నవ్వారు. సరోజిని నవ్వలేదు. నూకరాజు దాని మొహం చూసి నాలిక కరుచుకుని, "తప్పయిపోయిందండి, ఆయ్" అని గెడ అందుకున్నాడు.

నాలుగిళ్ళ అవతల ఉండే మంగాయమ్మ గోదావరి స్నానాల దగ్గర నా పక్కకి వచ్చి, చీర పిండుకుంటూ అడిగింది.

"పిచ్చిమందుట కదా బుజ్జమ్మా? మా ఆయన కొత్తపేటలో విన్నారుట."

"దగ్గుమందండి."

"నువ్వు దగ్గగా నేనెప్పుడూ వినలేదే?"

"మందు పుచ్చుకుంటున్నాను కదండీ, అందుకని" అన్నాను. ఇంకొకప్పుడైతే ఇద్దరం నవ్వుకుందుము. ఆవిడ అయ్యో అన్నట్టు నా వైపు చూసింది. ఆ మర్నాటి నుంచి నేను నీళ్ళలోకి దిగితే ఆడవాళ్ళు నాకు చోటిచ్చేవారు. ఒక మనిషికి కావలసిన దానికంటే ఎక్కువ చోటు. అరటిదొప్పల్లో దీపాలు వదులుతూ వాళ్ళందరూ కబుర్లు చెప్పుకునేవారు, నేను నా దొప్పతో ఒక్కదాన్నీ.

వరద ఇసక మేటలు వేసిన చేలల్లో మావారికి ఊపిరాడని పని. పొద్దున్నే తిని పోయేవారు, పొద్దుగూకి వచ్చేవారు. నా మొహం చూసి, "పడుకో, పడుకో" అనేవారు. ఆ నెలలో ఆయన నాతో మాట్లాడిన మాటలు పోగుచేస్తే అవే ఎక్కువ.

*

రెండోవారం మధ్యలో ఒక మధ్యాహ్నం నేను వసారాలో కూచుని కందిపప్పు ఏరుతున్నాను. తూర్పుగాలి లేచింది. కొబ్బరి మట్టలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. ఇంకా ఏరుతూనే ఉన్నాను. చేట ఖాళీ అయ్యాక నాకు తెలివొచ్చింది. గాలి లేచి అరగంటయింది. నేను లేవలేదు.

గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాను. మామూలుగా కొట్టుకుంటోంది.

సంతోషించాలి కదా! నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇల్లు ఎంత ఖాళీగా ఉందో అప్పుడే మొదటిసారి వినబడింది. మావారు చేలోకి, పిల్ల బడికి పోతే ఇన్నేళ్ళూ నాతో ఇంట్లో ఉన్నది ఆ భయమే. అది నాతో పోట్లాడేది, నన్ను లేపేది, కూచోబెట్టేది, రేవుకి తరిమేది. ఇప్పుడది కూడా లేదు. ఇంకో ఆలోచన దానికంటే చెడ్డది. నేను భయపడుతున్నాను కాబట్టే ఇన్నాళ్ళూ పిల్లకి ఏమీ కాలేదేమో. నేను భయపడ్డం మానేస్తే దాన్ని కాసేదెవరు? కావాలని భయపడబోయాను. పడవ ఒరిగిపోయినట్టూ, పుస్తకాల సంచీ నీళ్ళ మీద తేలినట్టూ ఊహించుకున్నాను. కాగితం మీద గీసిన బొమ్మలా వచ్చింది, పోయింది.

అయిదింటికి సరోజిని ఎగురుకుంటూ వచ్చింది. "అమ్మా! గాలికి నూకరాజు గెడ విరిగిపోయింది! పడవ గిర్రున తిరిగిపోయింది! అందరం ఒకటే కేకలు!" అని నవ్వుతూ నా మొహం చూసి, ఠక్కున ఆగింది. నేను దాన్ని పట్టుకుని ఒళ్ళంతా తడుముతాననీ, రేపట్నుంచి బడి ఒద్దంటాననీ ఎదురుచూస్తోంది.

"కాళ్ళు కడుక్కుని రా, అటుకులు పెడతాను" అన్నాను.

అది కదల్లేదు. "అమ్మా, నీకు ఒంట్లో బాగాలేదా?" అంది. నాలుగడుగుల దూరంలోనే నుంచుని అంది.

*

కార్తీకం మూడో సోమవారం సందె వేళకి ఆకాశమంతా మూసుకుపోయింది. ఒక్క చుక్కా లేదు. మావారు భోంచేసి వచ్చి, "మబ్బు వెనకాల ఉంటాయి లెద్దూ, దణ్ణం పెట్టేసుకుని తిను" అన్నారు. నేనొప్పుకోలేదు. చూడకుండా తింటే మొక్కు ఏమవుతుంది? చివరికి ఎక్కడో చిన్న చిరుగు పడి, చుక్క కనపడి, నేను కంచం ముందు కూచునేసరికి ఆకలి చచ్చిపోయింది. నాలుగు ముద్దలు కూడా దిగలేదు. మూడు గుర్తులు ఒంపుకున్నాను. సీసా అడుగున ఇంకో గుర్తు మిగిలి ఉంది. పొద్దున్న మావారు కొత్త సీసా తెస్తారు కదా, ఇదెందుకు పారబొయ్యడమని అదీ తాగేశాను.

నేను కళ్ళు తెరిచేసరికి పడమటి కిటికీలోంచి ఎండ నా పాదాల మీద పడుతోంది. మర్నాడు మధ్యాహ్నం దాటింది. నా ముక్కు కింద ఎవరివో రెండు వేళ్ళున్నాయి.

సరోజిని. జడ వేసుకోలేదు. నిన్నటి పరికిణీలోనే ఉంది. పెదవులు కదుపుతూ నా ఊపిరి లెక్కపెడుతోంది.

"ఎంతసేపయిందే ఇలా కూచుని?"

"పొద్దుట్నుంచి. ఎంత లేపినా లేవలేదు. నాన్నగారు డాక్టరుగారి కోసం వెళ్ళేరు."

"బడి?"

అది తల అడ్డంగా ఊపింది. వేళ్ళు మాత్రం తియ్యలేదు.

పొద్దు వాలుతుండగా డాక్టరుగారు పడవ దిగి వచ్చారు. సంగతంతా విని మంచం పక్క పీట మీద కూలబడ్డారు.

"మూడు గుర్తులూ ఒకేసారా!"

"తమరు అన్నం తిన్న తరవాత అన్నారండి. నేను తినేది ఒక్కసారేనండి."

ఆయనకి నవ్వొచ్చింది. మరుక్షణం ఆ నవ్వు పోయింది. "కార్తీకంలో వచ్చిన ఆడమనిషిని, అమ్మా మీరు తింటున్నారా అని అడగలేదు. ఆ బుద్ధి నాకుండాలి" అన్నారు. "రెండ్రోజులు మందు ముట్టుకోవద్దు. ఆ తరవాత పొద్దున్న ఒక గ్లాసుడు పాలు తాగి ఒక గుర్తు. మధ్యాహ్నం పాలు తాగి ఒక గుర్తు. రాత్రి అన్నం తిని ఒక గుర్తు. ఏకంగా ఎప్పుడూ పుచ్చుకోకూడదు."

"పాలు తాగితే మొక్కు చెడుతుందండి."

"ఎవరి కోసం మొక్కేరమ్మా?"

"పిల్ల కోసమండి."

ఆయన తలుపు దగ్గర నుంచున్న సరోజిని వైపు చూశారు. దాని చింపిరి జుట్టు, వాచిన కళ్ళు. సంచీ సర్దుకుని లేచారు.

గురువారం పొద్దున్న పాలు తాగాను. పొద్దుగూకేదాకా పైనుంచి ఏదో విరుచుకుపడుతుందని కాచుక్కూచున్నాను. ఏదీ పడలేదు.

*

నా కాళ్ళు నిలబడ్డాయి. నాలిక పలచబడింది. పొక్కులు మాడాయి. దడ వచ్చేది కానీ, గుమ్మంలో నుంచుని నా మొహం చూసి పోయేది.

కానీ పిల్ల మారిపోయింది.

తెల్లారేసరికి దాని వేళ్ళు నా ముక్కు కింద ఉండేవి. సీసా మీద మందు ఎంతదాకా ఉందో పొద్దునా సాయంత్రం పెన్సిలుతో గీత గీసి చూసుకునేది. నేను నూతి దగ్గరికి వెడితే వెనకాలే వచ్చి, తోడేదాకా నా కొంగు పట్టుకుని నుంచునేది. శనివారం నాడు నూకరాజు నాతో అన్నాడు:

"సరోజినమ్మగారు మద్దేనం గంటకి మళ్ళీ వచ్చేత్తన్నారండి. పరిగెట్టుకుంటా వచ్చి, పడవెక్కి, మీ ఇంటి కిటికీలోంచి ఓసారి చూసి, మళ్ళీ పరిగెట్టుకుంటా ఎల్తన్నారు. మూడు రోజుల్నించీ అంతేనండి. ఏదైనా మర్చిపోతన్నారాండీ?"

సోమవారం రేవులో పడవలోకి ఒక కాలు పెట్టి ఆగిపోయింది.

"నేను వెళ్ళనమ్మా."

"ఏమే?"

"నేను వెళ్ళేక నువ్వు పడుకుంటావు. పొయ్యిలో నిప్పు ఆరదు. వంటపాక అంటుకుంటుంది. లేకపోతే నూతి దగ్గర తూలతావు. నాన్నగారు చేలో ఉంటారు. కేకేసినా ఎవరికీ వినపడదు."

అది ఏడవడం లేదు. పాఠం అప్పజెప్పినట్టు, ఒకదాని తరవాత ఒకటి చెబుతోంది. ఆ మాటల వరస నాది. గొంతులో ఆ చిన్న వణుకు నాది. చేతులు ముట్టుకుని చూశాను, చల్లగా ఉన్నాయి.

"ఇదంతా ఎప్పుడైనా జరిగిందిటే?" అన్నాను.

"మొన్న జరిగింది కదా" అంది.

పడవలో వాళ్ళు మా కోసం ఎదురుచూస్తున్నారు. దాన్ని దాదాపు ఎత్తి పడవలో కూచోబెట్టాను. అది వెనక్కి తిరిగి నన్నే చూస్తూ పోయింది. అవతల గట్టెక్కాక కూడా తిరిగి చూస్తూనే ఉంది.

ఆ సాయంత్రం మావారు భోజనం చేస్తూ, తలెత్తకుండా చెప్పారు. "ఆ మంగళవారం నేను లెక్కలోకి తీసుకోను. అది నీ భయం మూలాన మానింది కాదు. అక్కకి రాయనులే. పిల్ల నీ దగ్గరే ఉంటుంది."

ఆయన ఎంత ఆలోచించి ఆ మాట అన్నారో నాకు తెలుసు. నెల్లాళ్ళూ నేను ఉప్పునీళ్ళు తాగింది ఆ మాట కోసమే. మజ్జిగ పోసి, గిన్నె కింద పెట్టి అన్నాను:

"వదినగారికి రాయండి. అమావాస్య వెళ్ళగానే వచ్చి తీసికెళ్ళమనండి."

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది ఆయనకి. "ఏమిటీ?"

"అమలాపురంలో చదువుకుంటుంది. ఇక్కడుంటే నన్ను చూసుకోవడమే దానికి పనైపోతుంది."

"మందు మత్తులో అంటున్నావా ఈ మాట?"

"మందు లేకపోతే అనలేకపోదునేమోనండి" అన్నాను.

*

సరోజినికి చెప్పినప్పుడు అది నా మీద విరుచుకుపడింది. "నన్నెందుకు పంపించేస్తావు? నేనేం చేశాను?" అంది. ఏం చేసిందో చెబితే అది నా దగ్గర నేర్చుకున్న భయం ఇంకా గట్టిపడుతుంది. "అక్కడ పడవెక్కక్కర్లేదు కదమ్మా" అన్నాను. "నీకు పడవంటేనే భయం, నేనంటే ఏం లేదు" అంది. రెండురోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే తెల్లారగట్ల వేళ్ళు పెట్టి చూసుకుని పోయేది.

వదినగారు వచ్చారు. హెడ్మాస్టరుగారు టి.సి. ఇచ్చారు. ట్రంకుపెట్టె రేవులోకి దించాక వదినగారు నన్ను పక్కకి పిలిచి, "నువ్వే పంపుతున్నావని వీడు రాస్తే నేను నమ్మలేదు బుజ్జమ్మా" అన్నారు. ఆవిడ చెయ్యి నా భుజం మీద వేస్తే ఎంత బరువుగా అనిపించిందో. నెల్లాళ్ళ తరవాత, లేపడానికో ఊపిరి చూడ్డానికో కాకుండా ఒక మనిషి నన్ను ముట్టుకోవడం.

పిల్ల నా దగ్గరికి రాలేదు. బట్టలు ఉతుక్కుంటున్న మంగాయమ్మ దగ్గరికి నడిచి, అందరికీ వినపడేలా అడిగింది.

"మంగాయమ్మత్తా, రోజూ పొద్దున్న మా అమ్మ లేచిందో లేదో ఓసారి చూస్తారా? మా అమ్మ గుండెదడకి మందు పుచ్చుకుంటోంది. దగ్గుమందు కాదు."

మంగాయమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుంది. "చూస్తానే తల్లీ" అంది. "నువ్వెళ్ళి చదువుకో."

పడవ కదిలింది. నేను గట్టు మీద కాసేపు నుంచున్నాను. అవతలి ఒడ్డు చేరకముందే వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను. చేరిందో లేదో చూడకుండా రావడం, అది నా జన్మలో మొదటిసారి. మందు పని చేసిందో, నేనే చేశానో ఇప్పటికీ నాకు తెలీదు. దారిలో నా అడుగులు మాత్రం తేడాగానే పడ్డాయి.

ఆ తరవాతి రోజులు పొడుగు. ఒక్కొక్కసారి సాయంత్రం అయిదింటికి అటుకులు కలిపేసి, అప్పుడు గుర్తొచ్చి, గిన్నె మీద మూత పెట్టేదాన్ని. పొద్దున్నే మంగాయమ్మ నిప్పు కోసమనో, కరివేపాకు కోసమనో వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసేది. "ఉన్నానండి" అనేదాన్ని. "ఆయ్" అని వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి లోపలికొచ్చి కూచోవడం మొదలుపెట్టింది కానీ, అది సంక్రాంతి వెళ్ళాకే.

సరోజిని రోజు మార్చి రోజు కార్డు రాసింది. అన్నీ ప్రశ్నలే. మందు పుచ్చుకున్నావా? పాలు తాగేవా? పొయ్యిలో నీళ్ళు చల్లేవా? ఆ కార్డులు చదువుతుంటే నా రాత నేను చదువుకుంటున్నట్టే ఉండేది. అన్నిటికీ, పుచ్చుకున్నానని, తాగానని, చల్లానని జవాబు రాసేదాన్ని. ఇంకేమీ రాసేదాన్ని కాదు.

పుష్యమాసంలో కార్డులు ఆగిపోయాయి. నాలుగురోజులు. అయిదురోజులు. దడ వచ్చింది. గుమ్మంలో ఆగకుండా లోపలికే వచ్చి కూచుంది. మావారు చొక్కా తొడుక్కుని, "నేను అమలాపురం వెళ్ళి చూసొస్తాను" అన్నారు. నేనే, "రెండ్రోజులు చూద్దామండి" అన్నాను. ఆ మాట నా నోటంట వచ్చినందుకు ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఆ రెండ్రోజులూ నేను ఎలా ఉన్నానో రాయను.

ఎనిమిదో రోజున వచ్చింది కార్డు. నేను కూడబలుక్కుని చదివే మనిషిని. వేలు పెట్టుకుని చదివాను. బడిలో ఆటల పోటీలు పెట్టారట. తాడాటలో దానికి రెండో బహుమతి, ఒక గ్లాసు, వచ్చిందట. పక్కింటి పిల్లలతో కలిసి కాలవ పడవలో అంబాజీపేట వెళ్ళొచ్చిందట, పడవలో పాటలు పాడారట. చివర కొంచెం ఖాళీ ఉంటే అక్కడ ఇరికించి రాసింది: ఉత్తరం రాయడం మర్చిపోయానమ్మా. మందు మాట ఎక్కడా లేదు.

ఆ మాట మీద వేలు అలాగే ఉంచుకుని కూచున్నాను.

మావారు చేలోంచి వచ్చి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అక్కణ్ణుంచే అడిగారు. "ఏం రాసింది?"

"మర్చిపోయిందిటండి."

"ఏం మర్చిపోయింది?"

"నన్నేనండి" అని, ఆయనకి అన్నం పెట్టడానికి లేచాను.